నాలుక సాక్ష్యం

ధర్మవరంలో వీరభద్రయ్య షావుకారు ఇంట్లో జరీ దారం చుట్టిన రెండు కండెలు పోయాయి. పోయినవి రెండు కండెలే. ఆ వీధి చేసిన గోల చూస్తే మాత్రం ఎవరో ఏనుగును తోలుకుపోయారేమో అనుకోవాలి.

అసలే అవి కరువు రోజులు. ఏభై రెండో, ఏభై మూడో సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. పట్టుచీరలు నేసే ఇళ్లల్లో కూడా సంగటి ముద్ద చిన్నదైపోయింది. సూరతు నుంచి తెప్పించుకున్న జరీ అట్లాంటప్పుడు పోతే షావుకారుకు కడుపు మండదా? మండుతుంది. ఆయనేం చెడ్డవాడు కాదు. తన మగ్గాల మీద నేసేవాళ్లను ఇంటివాళ్లలాగే చూసుకునేవాడు. అందుకే పోలీసుల దగ్గరికి పోలేదు. పోయుంటే ఎంత బాగుండేదో! పోలీసువాడు నాలుగు తిట్లు తిట్టి, ఇళ్లన్నీ వెతికి, ఏమీ దొరక్క తన దోవన తాను పోయేవాడు. ఈయన చౌడమ్మ గుడికి పోయాడు.

ఆ నేతవాళ్ల వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. వస్తువు పోయి, తీసిందెవరో తేలకపోతే, ఆ ఇంట్లో మసిలేవాళ్లంతా తలస్నానం చేసి చౌడమ్మ ముందుకు రావాలి. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, అమ్మవారి కుంకుమ చిటికెడు నాలుక మీద వేసుకుని, నేను తియ్యలేదని చెప్పాలి. నిజం చెప్పినవాళ్లకు ఏమీ కాదు. అబద్ధం ఆడినవాళ్ల నాలుకను అమ్మ అమావాస్యలోగా కాలుస్తుంది. ఇంతే తీర్పు. దీనికి వకీలూ లేడు, అప్పీలూ లేదు.

ప్రమాణానికి పోయినవాళ్లలో నీలావతి ఒకతె. ఆమె మొగుడు ఆంజనప్ప షావుకారు మగ్గం మీద నేస్తాడు. ఆమె నెలల పిల్ల యశోదను పక్కన పడుకోబెట్టుకుని, షావుకారు వెనకింట్లో రాట్నం ముందు కూచుని కండెలు చుడుతుంది. పుట్టిల్లు పెనుకొండ. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనేవాళ్లు. జరీ ఆమె తియ్యలేదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. లేకపోతే చదివేవాళ్లు కూడా ఆ వీధివాళ్లలాగే ఆమె మొహంలోకి అనుమానంగా చూడడం మొదలుపెడతారు.

గుడికి పోయేటప్పుడు ఆమెకు కాస్తయినా భయం లేదు. తియ్యనిదానికి భయమెందుకు? ధీమాగా కర్పూరం ఆర్పింది. కుంకుమ నాలుక మీద వేసుకుంది. వేసుకోగానే చుర్రుమంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా తమాయించుకుని, "నేను తియ్యలేదు తల్లీ" అని గట్టిగానే చెప్పింది.

ఆ మంట ఆ రోజు కొత్తగా పుట్టింది కాదు. యశోద పుట్టిన కొన్నాళ్లకే మొదలైంది. ఊరుబిండి పచ్చడి నంజుకుంటే మంట, వేడి సంగటి తగిలితే మంట, తెగిన పట్టుపోగును నాలుకతో తడిపి ముడివేస్తుంటే మంట. ఎవరితోనూ అనలేదు. ఏమని అంటుంది? ముద్ద దొరకడమే గొప్పగా ఉన్న రోజుల్లో అది నోటికి మండుతోందని చెబితే నలుగురూ నవ్వరూ? కానుపయ్యాక పథ్యమని చెప్పి ఆకుకూర మాన్పించారు, పప్పు మాన్పించారు, పెరుగు మాన్పించారు. పథ్యం ముగిసి ఇక తినొచ్చు అనేసరికి ఆకుకూర లేదు, పప్పు లేదు, పెరుగూ లేదు. మొగుడికి పెట్టగా మిగిలిన సంగటిని ఉప్పూకారంతో మింగి, ఆ ఒంట్లోంచే పిల్లకు పాలిచ్చేది. మగ్గం గుంతలో పొద్దంతా కాళ్లు వేలాడేసుకుని నేసే మనిషి కడుపు నిండాలని ఆమె తాపత్రయం.

ప్రమాణం చేసిన తరువాత మంట పెరిగింది. నాలుక గరుకు పోయి నున్నగా, ఎర్రగా తయారైంది. పెదాల మూలలు చిట్లాయి. ఒక పొద్దున షావుకారు భార్య సరస్వతమ్మ గ్లాసెడు కాఫీ ఇచ్చింది. నీలావతి గుక్క వేసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఏం మేయ్, తాగలేదేమి? నోరేమైంది?" అంది సరస్వతమ్మ.

"ఏం లేదక్కా. కొంచెం వేడి చేసినట్టుండాది."

"యాడ, నాలిక చూపియ్."

నీలావతి చూపించింది. దాచుకోవాలన్న తెలివి కూడా లేదు పిచ్చిదానికి. సరస్వతమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, లోపలికి పోయింది. దీపాలు పెట్టే వేళకు వీధి చివరిదాకా తెలిసిపోయింది.

ఆ వీధిలో నోరు పొక్కనిది ఎవరికని? మూడిళ్ల అవతలి దాసమ్మకు తాంబూలంలో సున్నం ఎక్కువై నాలుక తోలు లేస్తూనే ఉండేది. ఎదురింటి పెద్దప్పకు విరిగిన పన్ను కోసుకుని నెలలకొద్దీ పుండు. వాళ్లను అమ్మ కాల్చిందని ఏనాడైనా ఎవరైనా అన్నారా? వాళ్లకైతే సున్నం, వాళ్లకైతే పన్ను. నీలావతికి మాత్రం చౌడమ్మ! ఇదెక్కడి న్యాయమో ఆ తల్లికే తెలియాలి.

ఆంజనప్ప మగ్గం దిగి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నిజం చెప్పు నీలా. నేనేమీ అనను" అన్నాడు.

"నేను తియ్యలేదు."

"మరి నాలికేంటికి కాలింది?"

"ముందు నుంచే మండతాండాది. గుడికి పోకముందు నుంచే."

"ముందు నుంచే అయితే నాకెప్పుడూ చెప్పలేదే?"

అతను కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఆ రోజు కూడా ఆమె పెట్టిన సంగటే తిన్నాడు. తింటున్నంతసేపూ ఆమె కేసి చూడలేదు. అతనికి భయం పట్టుకుంది. దొంగ పెళ్లాంతో కాపురం చేస్తున్నానన్న భయం, అమ్మవారు కన్నెర్ర చేసిన ఇంట్లో ఉన్నానన్న భయం.

మరి నీలావతికో? ఆమెకు ఇంకో రకం భయం పట్టుకుంది. అమ్మ ఊరికే కాలుస్తుందా? ఎక్కడో ఏదో తప్పు చేసి ఉంటానని తనను తానే తవ్వుకోవడం మొదలుపెట్టింది. మంట గుడికి ముందే మొదలైందా, తరువాతనా అన్నది కూడా ఆమెకు చెదిరిపోయింది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. షావుకారింట్లో ఊడ్చేటప్పుడు రాలిన రంగురంగుల పట్టుపోగు ముక్కలను కొంగున కట్టుకొచ్చి, పిల్ల చూసి ఆడుకుంటుందని ఉయ్యాలకు కుచ్చులాగా కట్టింది. అదే అయ్యుంటుంది! ఆ కుచ్చు విప్పి పరుగున తీసుకుపోయి సరస్వతమ్మ చేతిలో పెట్టింది.

"ఇవి నేను అడక్కుండా తీసుకుపోయినానక్కా. తప్పయిపోయింది."

సరస్వతమ్మ వాటిని చూసి కింద పడేసింది. "చెత్త తెచ్చిస్తాండావా నాకు? జరీ యాడుండాదో చెప్పు" అంది.

ఆ తరువాత యశోదకు జబ్బు చేసింది. అంతవరకూ ఎట్లాగో ఓర్చుకున్న మనిషి అక్కడ విరిగిపోయింది. పిల్ల నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తునకల్లాగా తెల్లటి పూత లేచింది. కొంగుతో తుడిస్తే పోలేదు, గట్టిగా తుడిస్తే నెత్తురు వచ్చింది. రొమ్ము నోట పెట్టుకుంటుంది, ఒక గుక్క లాగుతుంది, మంటకు కెవ్వుమని వదిలేస్తుంది. ఆకలి, ఏడుపు, మళ్లీ రొమ్ము, మళ్లీ ఏడుపు. ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు పీలగా అయిపోయింది. పాలు గడ్డకట్టి తల్లి ఒళ్లు కాలిపోతోంది.

దాసమ్మ వచ్చి చూసి నోరు నొక్కుకుంది. ఆమె కడుపులో దుర్బుద్ధేమీ లేదు. నిజంగానే జాలిపడింది.

"ఒప్పుకోవే తల్లీ. నీది నీతో పోనీ. ఈ పసిగుడ్డేం చేసింది? అమ్మ బిడ్డను పట్టుకుండాది. ఇంకా ఏంటికే నీకు మొండితనం?"

"నేను తియ్యలేదే దాసమ్మా" అని నీలావతి ఏడ్చింది.

"తియ్యకుంటే తల్లీబిడ్డకు ఇద్దరికీ నోరేంటికి కాలతాది?"

యశోద ఆ పూట ఏడవడం కూడా మానేసి, నోరు తెరుచుకుని గుడ్లప్పగించి పడుకుంది. నీలావతి బిడ్డ కేసి కాసేపు చూసింది. లేచి మొహం కడుక్కుంది. బిడ్డను భుజాన వేసుకుని నేరుగా గుడికి పోయింది. అది శుక్రవారం. గుడి నిండా జనం. షావుకారు దంపతులు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లందరి ముందు అమ్మవారి గడప మీద తల పెట్టింది.

"నేనే తీసినాను తల్లీ. జరీ నేనే తీసినాను. నన్ను ఎంతన్నా కాల్చు. నా బిడ్డను ఇడిచిపెట్టు."

గుడిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వీరభద్రయ్య ముందుకు వచ్చాడు.

"యాడ పెట్టినావమ్మా?" అన్నాడు మెత్తగానే.

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. తియ్యని వస్తువును ఎక్కడ పెట్టానని చెబుతుంది? నోటికొచ్చింది చెప్పింది. "భయమేసి చిత్రావతిలో పడేసినాను."

ఏట్లో నీళ్లు లేవు, ఉన్నదంతా ఇసకే. ఆ సాయంత్రం వీధిలో మగవాళ్లు పారలు తీసుకుపోయి చీకటి పడేదాకా ఇసక తవ్వారు. ఏం దొరుకుతుంది? గవ్వలు దొరికాయి. ఎవరో తమకంటే ముందే ఎత్తుకుపోయారని అనుకుంటూ తిరిగొచ్చారు. షావుకారు ఆంజనప్పను మగ్గం మీంచి దించలేదు. "నీ తప్పు లేదప్పా. ఆమెను మాత్రం మా ఇంటి పక్కకు రానీయొద్దు" అని ఊరుకున్నాడు. మర్నాడు ఆంజనప్ప భార్యాబిడ్డలను పెనుకొండ రైలెక్కించాడు. రైలు కదిలేదాకా పెట్టె పక్కనే నిలబడ్డాడు.

పెనుకొండలో నీలావతి తల్లి కుళ్ళాయమ్మ సంగతంతా విన్నది. వింటూనే మనవరాలిని ఒళ్లోకి లాక్కుని నోరు తెరిచి చూసింది.

"జరీ సంగతి మల్లా మాట్లాడుకుందాం. ముందు బిడ్డ బతకల్ల. లెయ్, హిందూపురం పోదాం పా. ఆడ ఎవురో డాక్టరమ్మ వచ్చుండాదంట" అంది. కూతురు దొంగా కాదా అని ఆమె అప్పుడే కాదు, ఆ తరువాత కూడా ఎన్నడూ అడగలేదు. లోకంలో అడగని మనిషి ఆమె ఒక్కతే.

హిందూపురం డాక్టరమ్మ పిల్ల నోరు చూసి, సీసాలోంచి ఊదారంగు మందు తీసి దూదితో నాలుకంతా పూసింది. "భయపడాల్సింది ఏమీ లేదు. పాలు తాగే పిల్లలకు ఇట్లాంటి పూత వస్తూనే ఉంటుంది. రోజూ పూయండి, పోతుంది" అంది. నీలావతి నోరు కూడా తెరిపించింది. కింది కనురెప్ప లాగి చూసింది. అది పాలిపోయి ఉంది.

"తాంబూలం వేస్తావా?"

"లేదమ్మా."

"పొగాకు? పన్నేదైనా గుచ్చుకుంటోందా? కాలిపోయే వేడి తాగుతావా?"

నీలావతి అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"ఏం తింటావు?"

ఆమె చెప్పింది. చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. డాక్టరమ్మ నిట్టూర్చింది.

"నీ ఒంట్లో రక్తం లేదమ్మా. నాలుకకు కావలసిన బలం నీ తిండిలో లేదు. ఉన్న కాస్తా బిడ్డకు పాలుగా పోయింది. అందుకే నాలుక అట్లా అయింది. మాత్రలిస్తాను, టానిక్కు ఇస్తాను. ఆకుకూర తిను, పప్పు తిను, మజ్జిగ తాగు, గుడ్డు దొరికితే తిను. కొన్ని వారాల్లో తగ్గుతుంది."

"అంతేనా అమ్మా?"

"అంతే. ఇంకేముంటుంది?"

నీలావతి గొంతు తగ్గించి అడిగింది. "అబద్ధమాడితే నాలిక కాలతాదా అమ్మా?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "అట్లయితే ఈ ఊరికి నా ఒక్క ఆస్పత్రి చాలదు" అంది. నీలావతి కూడా నవ్వబోయి, అక్కడే బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. జబ్బుకు భయపడి ఏడుస్తోందనుకుని డాక్టరమ్మ ఆమె వీపు తట్టింది.

యశోద తొందరగానే కోలుకుంది. ఊదా నోటితో ఆబగా పాలు తాగుతుంటే చూసి కుళ్ళాయమ్మ దిష్టి తీసింది. నీలావతికి మెల్లగా తగ్గింది. తల్లి ఎక్కడెక్కడో తిరిగి కొండ మీది ఆకుకూర, ఇరుగింటి మజ్జిగ, పొరుగింటి గుడ్డు తెచ్చి పెట్టింది. ఒక రోజు ఊరుబిండి నంజుకుంటే మంట పుట్టలేదు. నీలావతి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఇక చాలు, నేను ధర్మవరం పోతానంది. రైల్లో దారి పొడవునా వాళ్లకు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. అందరికీ నాలుక చాపి చూపిస్తుంది. రక్తం లేక అట్లా అయింది, అంతే, నేను తియ్యలేదు, బిడ్డ కోసం ఒప్పుకున్నాను అని చెబుతుంది. ఇంత తేటగా ఉన్న సంగతి ఎవరికి అర్థం కాదు?

ఆంజనప్ప స్టేషనుకు వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని ముద్దాడాడు. "నీ నోరు?" అన్నాడు.

"బాగైపోయింది. చూడు" అని సంబరంగా నాలుక చూపించింది.

అతని కళ్లు తడిశాయి. రెండు చేతులూ జోడించి గుడి ఉన్న దిక్కుకు దండం పెట్టాడు. "చూసినావా? నువ్వు ఒప్పుకున్నావు, అమ్మ చల్లబడింది."

నీలావతి నోట్లో కూర్చుకున్న మాటలన్నీ తడబడ్డాయి. "అది కాదు... డాక్టరమ్మ మందిచ్చింది. నాకు రక్తం లేదంట. నేను తియ్యలేదు..."

"గమ్మునుండు నీలా" అన్నాడు అతను బతిమాలుతూ. "అమ్మే క్షమించింది. నేనెంత? మల్లా ఆ మాట అనొద్దు. నీకు దండం పెడతాను."

వీధిలో అందరూ ఆమెను ఆదరంగానే పలకరించారు. అదే పెద్ద బాధ. మొహం తిప్పుకుని ఉంటే పోట్లాడేది. వాళ్లు ప్రేమగా చుట్టూ మూగి, నాలుక చూసి, లెంపలు వేసుకున్నారు. మందు సంగతి చెబితే దాసమ్మ, "మందుదేముందే? ఒప్పుకోకముందు ఏ మందన్నా పనిచేసిందా? పనిచేయించేది అమ్మ" అంది. సరస్వతమ్మ బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెట్టి, "అయిందేదో అయింది. రేపట్నుంచి రాట్నానికి రా" అంది.

"నేను తియ్యలేదక్కా" అంది నీలావతి ఆమె చేతులు పట్టుకుని.

సరస్వతమ్మ మొహం మాడిపోయింది. "మల్లా మొదలా మేయ్? చల్లబడిన తల్లిని మల్లా రేపుతావా? చంకలో బిడ్డుండాది, అదన్నా చూసుకో."

నీలావతి బిడ్డను చూసుకుంది. రవికెల గుడ్డ తీసుకుంది. ఆ రోజు నుంచి ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆమె తియ్యలేదని చెప్పగలిగింది ఒక్క నాలుక. అది మండితే దొంగ, మండకపోయినా దొంగ. ఇక ఎవరికి చెప్పుకుని ఏం లాభం?

కరువు పోయింది, వానలు పడ్డాయి. మగ్గాలు మళ్లీ జోరుగా ఆడాయి. నీలావతి కథ ఆ వీధిలో మంచి కథగా మిగిలిపోయింది. అబద్ధాలాడే పిల్లలకు తల్లులు ఆ కథే చెప్పేవాళ్లు. కథ చివర అమ్మ క్షమిస్తుంది కాబట్టి వినేవాళ్లకు కూడా బాగుండేది.

యశోదకు ఎనిమిదేళ్లు వచ్చాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బడి లేదు. సావాసగత్తెలతో కలిసి కొత్త చింతపండు ఉప్పు అద్దుకుని పొద్దుటి నుంచీ నాకి నాకి, నాలుక పొక్కించుకుని ఇంటికి వచ్చింది. తల్లి రాట్నం తిప్పుతుంటే వచ్చి పక్కన కూచుంది. నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంది.

"అమ్మా."

"ఊఁ."

"నువ్వు జరీ దొంగతనం చేసినప్పుడు నీ నాలిక గూడా ఇట్లే మండిందా?"

ఎగతాళిగా అడగలేదు, కోపంగా అడగలేదు. ఎండగా ఉందా అని అడిగినట్టు అడిగింది. రాట్నం ఆగిపోయింది. నేను తియ్యలేదు తల్లీ అన్న మాట ఇన్నేళ్ల తరువాత నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అంటే యశోద నమ్ముతుంది. ఈ లోకంలో నమ్మేది ఇదొక్కతే. నమ్మి, మరి ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతుంది. అడగకుండా ఊరుకునే పిల్ల కాదు. నీ కోసమే ఒప్పుకున్నాను, నీ నోట్లో పూత చూసి ఒప్పుకున్నాను అని చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఆ బరువు నెత్తిన పెట్టుకుని బతుకంతా మోయాలి.

"మండింది" అంది నీలావతి.

"ఇంతకన్నా ఎక్కువనా?"

"ఎక్కువే."

యశోద కళ్లు పెద్దవి చేసింది. తల్లి మీద జాలిపడి, ఆమె మోకాలి మీద తల వాల్చింది.

"నేను ఎప్పుడూ దొంగతనం చెయ్యనమ్మా" అంది.

"చెయ్యొద్దు తల్లీ" అంది నీలావతి, బిడ్డ జుట్టు నిమురుతూ.